మాన్యువల్ ఒక మాట, కోడ్ ఇంకో మాట: ఫైల్‌సిస్టమ్ డాక్యుమెంటేషన్ యాభై ఏళ్ళ కథ

ఈ ఎపిసోడ్ కొంచెం టెక్నికల్‌గా ఉంటుంది, కానీ మొదలుపెట్టేది మాత్రం కంప్యూటర్‌తో కాదు, అశోక్‌నగర్‌తో.

నేనుండేది విద్యానగర్. సాయంత్రం పూట చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ దాకా నడిచి రావడం అలవాటు. దారిలో అంతా గ్రూప్స్ ప్రిపేర్ అయ్యే పిల్లలు, జిరాక్స్ షాపులు, పోటీ పరీక్షల పుస్తకాల షాపులు. ఒకరోజు ఒక షాపులో సగం ధరకి ఇస్తున్న పాత మెటీరియల్ తిరగేస్తున్నా. తెలంగాణ జాగ్రఫీ. మొదటి పేజీలోనే "రాష్ట్రంలో 31 జిల్లాలు" అని ఉంది. పక్కన నిలబడిన తమ్ముడు అదే పుస్తకం కొనబోతున్నాడు. "తమ్ముడూ, ఇప్పుడు 33 కదా" అన్నా. అతను నవ్వి, "తెలుసన్నా, అదొక్కటీ నేనే దిద్దుకుంటా, మిగతాది కరెక్టే కదా" అన్నాడు.

మిగతాది కరెక్టేనా? ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. చూడండి, ఆ పుస్తకం రాసినాయన తప్పు రాయలేదు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చినప్పుడు 10 జిల్లాలు. 2016 అక్టోబర్ 11న 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరి 17న ములుగు, నారాయణపేట కలిసి 33. ఆయన రాసిన రోజున 31 నిజమే. పుస్తకం మారలేదు, రాష్ట్రం మారింది. ఇంకో చిక్కు ఏంటంటే, 31 అనే అంకె ఆ ఒక్క పేజీలోనే ఉండదు. వరంగల్ జిల్లా సరిహద్దులు, మహబూబ్‌నగర్ మండలాల లెక్క, జనసాంద్రత పట్టికలు, అన్నిటి వెనకా అదే ఉంటుంది. ఒక్క చోట పెన్నుతో దిద్దితే మిగతావి దిద్దుకోవు.

సాఫ్ట్‌వేర్‌లో రోజూ జరిగేది ఇదే. అందులోనూ ఫైల్‌సిస్టమ్‌లో జరిగితే పోయేది మార్కులు కాదు, మీ డేటా. ఆ కథే ఈరోజు చెప్పుకుందాం.

ముందు నాకెలా తగిలిందో చెప్తాను. బీటెక్ ఫైనల్ ఇయర్‌లో నేను, నా ఫ్రెండ్ కలిసి చిన్న ఫైల్‌సిస్టమ్ రాద్దాం అనుకున్నాం. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న లైనక్స్ కెర్నల్ పుస్తకం ఒకటి ఉండేది. అందులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా టైప్ చేశాం. కంపైల్ అవలేదు. "గెట్_ఎస్‌బీ అనే మెంబరే లేదు" అని ఎర్రర్. రాత్రంతా మా టైపింగ్‌లో తప్పు వెతికాం. తప్పు మాది కాదు, పుస్తకానిదీ కాదు. ఆ పుస్తకం 2.6 తొలి వెర్షన్ల కాలంది. ఆ ఫంక్షన్ స్థానంలో మౌంట్ అనే కొత్తది వచ్చి, పాతదాన్ని పూర్తిగా తీసేసింది 2011లో. మేం అప్పటికి ఏడేళ్ళు ఆలస్యం. వివరం మా చేతిలో ఉంది, కానీ దాని వయసు మాకు తెలియదు.

ఇప్పుడు అసలు చరిత్రలోకి వెళ్దాం. 1971 నవంబర్ 3. అమెరికాలో బెల్ ల్యాబ్స్. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ రాసిన యూనిక్స్ ప్రోగ్రామర్స్ మాన్యువల్ మొదటి ఎడిషన్ మీద ఉన్న తేదీ అది. మీలో చాలామంది "యూనిక్స్ సిక్స్త్ ఎడిషన్", "సెవెన్త్ ఎడిషన్" అనే మాటలు వినుంటారు. ఆ ఎడిషన్ ఎవరిది? సాఫ్ట్‌వేర్‌ది కాదు, మాన్యువల్‌ది! సిస్టమ్ రోజూ మారుతూనే ఉండేది, దానికంటూ వేరే వెర్షన్ నంబర్ పెట్టలేదు. మాన్యువల్ కొత్త ఎడిషన్ వచ్చినప్పుడు, ఆ రోజుకి సిస్టమ్ ఎలా ఉందో అదే ఆ ఎడిషన్ యూనిక్స్. అంటే పుస్తకం పేరుతో కోడ్‌ని పిలిచారు. ఈరోజు మనం చేసేదానికి పూర్తిగా రివర్స్.

ఆ మాన్యువల్‌లో ఫైల్ ఫార్మాట్లకి ఒక సెక్షన్ ఉండేది. డిస్క్ మీద ఫైల్‌సిస్టమ్ ఎలా పరుచుకుని ఉంటుంది, సూపర్ బ్లాక్ ఎక్కడ, ఐనోడ్‌లో ఏముంటుంది, అంతా అందులో ఉండేది. ఇంకో మంచి అలవాటు కూడా ఉండేది. పేజీ చివర "బగ్స్" అనే శీర్షిక. మా ప్రోగ్రామ్‌లో ఫలానా లోపం ఉంది అని రాసినవాళ్ళే ఒప్పుకునేవాళ్ళు. మీరే ఆలోచించండి, మీ లోపాన్ని మీరే అచ్చులో పెట్టాల్సి వస్తే ఏం చేస్తారు? చాలాసార్లు రాయడం కన్నా దిద్దేయడమే తేలిక అనిపిస్తుంది. డాక్యుమెంట్ రాయడమే కోడ్‌ని బాగుచేసే పని అయింది. కోడ్ రాసినవాళ్ళు, మాన్యువల్ రాసినవాళ్ళు ఒకే కారిడార్‌లో కూర్చున్నారు కాబట్టి అది సాధ్యమైంది. ఈ "ఒకే కారిడార్" అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

తర్వాత మలుపు ఆస్ట్రేలియాలో. సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీలో జాన్ లయన్స్ అనే ప్రొఫెసర్. తన విద్యార్థుల కోసం సిక్స్త్ ఎడిషన్ యూనిక్స్ కెర్నల్ మొత్తాన్ని తీసుకుని వివరణ రాశారు. పది వేల లైన్ల లోపు కోడ్ ఒక పుస్తకం, దాని మీద వ్యాఖ్యానం ఇంకో పుస్తకం. మన దగ్గర మూలం, దానికి టీకా అంటాం కదా, అచ్చం అలాగే. కానీ 1979లో సెవెన్త్ ఎడిషన్ వచ్చేసరికి లైసెన్స్ నిబంధనలు బిగిశాయి, క్లాసులో సోర్స్ కోడ్ పెట్టి పాఠం చెప్పడానికి లేదన్నారు. దాంతో లయన్స్ పుస్తకం జిరాక్స్‌కి జిరాక్స్, దానికి ఇంకో జిరాక్స్‌గా ప్రపంచమంతా తిరిగింది. అమీర్‌పేట్ మెటీరియల్ సంస్కృతి మనమే కనిపెట్టాం అనుకుంటాం గానీ, దానికి పెద్దన్న ఇది. అధికారికంగా పుస్తకం అచ్చయింది 1996లో. అప్పటికి అందులో వివరించిన కోడ్‌ని నడిపేవాళ్ళు దాదాపు లేరు. అయినా జనం కొన్నారు, చదివారు. ఎందుకు? ఈ కారణాన్ని చివర్లో చెప్తాను.

ఇక లైనక్స్. 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టినప్పుడు మినిక్స్ ఫైల్‌సిస్టమ్ వాడుకున్నారు. 1992లో రెమీ కార్డ్ రాసిన ఎక్స్‌టెండెడ్ ఫైల్‌సిస్టమ్, దాంతోపాటే వర్చువల్ ఫైల్‌సిస్టమ్ అనే పొర వచ్చాయి. వీఎఫ్‌ఎస్ అంటాం. అంటే ఏంటంటే, మీరు ఫైల్ తెరువు అని అడిగితే, అది పెన్‌డ్రైవ్‌లో ఉందా, హార్డ్‌డిస్క్‌లో ఉందా, నెట్‌వర్క్ అవతల ఉందా మీకు అక్కర్లేదు. వీఎఫ్‌ఎస్ మధ్యలో ఉండి ఆయా ఫైల్‌సిస్టమ్‌కి పని అప్పగిస్తుంది. కాబట్టి వీఎఫ్‌ఎస్‌కీ ప్రతి ఫైల్‌సిస్టమ్‌కీ మధ్య ఒక ఒప్పందం ఉండాలి. నిన్ను పిలిచేటప్పుడు ఏ తాళం నా చేతిలో ఉంటుంది, ఏ తాళం నువ్వు తీసుకోవాలి, నువ్వు మధ్యలో ఆగి నిద్రపోవచ్చా లేదా, ఇలాంటివి. తప్పితే సిస్టమ్ బిగుసుకుపోతుంది, లేదా డేటా పాడవుతుంది.

ఈ ఒప్పందం ఎక్కడ రాసుంది? కెర్నల్ సోర్స్‌లోనే డాక్యుమెంటేషన్ అనే ఫోల్డర్‌లో. రిచర్డ్ గూచ్ రాసిన వీఎఫ్‌ఎస్ పరిచయం మీద 1999 అని ఉంటుంది. దాని పక్కన లాకింగ్ అనే ఇంకో ఫైల్, ఏ ఫంక్షన్‌కి ఏ తాళమో పట్టికలు. ఆ ఫైల్ మొదటి పేరా నాకు చాలా ఇష్టం. ఇది తాజాగానే ఉందని నమ్ముతున్నాం అని చెప్పి, ఎవరైనా కోడ్‌లో నియమాలు మారిస్తే దయచేసి ఈ ఫైల్ కూడా మార్చండి అని బతిమాలుతుంది. ఆ కిందే, సాకెట్ ఆపరేషన్ల గురించి ఇంకా రాయలేదు అని చెప్పి, "అలెక్సీ?" అని ఒక పేరు, ఒక ప్రశ్నార్థకం. అంటే, అలెక్సీ, నువ్వు రాస్తావా అని. ఇరవై ఏళ్ళు దాటాక, ఫైల్ ఫార్మాటే మారిపోయాక కూడా ఆ ప్రశ్న అక్కడే ఉంది. నవ్వొస్తుంది గానీ, మన ఆఫీసుల్లో "టు బి అప్‌డేటెడ్" అని రాసి వదిలేసిన పేజీలు ఎన్ని లేవు చెప్పండి?

ఆ పట్టికల్లో ఒకప్పుడు బీకేఎల్ అనే కాలమ్ ఉండేది. బిగ్ కెర్నల్ లాక్. 1996లో లైనక్స్ 2.0తో ఒకటికి మించి ప్రాసెసర్లు నడపడం మొదలైనప్పుడు పెట్టిన ఒకే ఒక పెద్ద తాళం. దాన్ని మెల్లమెల్లగా విడగొట్టి, చివరికి 2011 మేలో 2.6.39 వెర్షన్‌తో పూర్తిగా తీసేశారు. పదిహేనేళ్ళు! ఆ పదిహేనేళ్ళలో కోడ్‌లో తాళం జరిగిన ప్రతిసారీ పట్టికలో గడి కూడా మారాలి. అలాగే ఒక ఐనోడ్‌కి ఉండే తాళం పేరు మొదట ఐ_సెమ్, 2006లో ఐ_మ్యూటెక్స్, 2016లో ఐ_ఆర్‌డబ్ల్యూసెమ్. కోడ్‌లో పేరు మారకపోతే కంపైలర్ ఊరుకోదు. కామెంట్‌లో మారకపోతే ఎవరూ అడగరు. అందుకే తర్వాత కూడా కామెంట్లలో ఐ_మ్యూటెక్స్ అనే మాట కనిపిస్తూనే వచ్చింది. మనం ఎప్పుడో మూతపడిన థియేటర్ పేరు చెప్పి అడ్రస్ చెప్పినట్టు. పాతవాళ్ళకి అర్థమవుతుంది. ఊరికి కొత్తగా వచ్చినవాడు ఆ థియేటర్ కోసం వెతుకుతూ తిరుగుతాడు.

ఇంతవరకూ ఇబ్బంది ప్రోగ్రామర్లకే. ఇప్పుడు మామూలు మనుషులకి తగిలిన రెండు సంఘటనలు చెప్తాను.

మొదటిది 2009. ఎక్స్‌టీ4 అప్పుడే కొత్త. సిస్టమ్ హఠాత్తుగా క్రాష్ అయితే, మళ్ళీ ఆన్ చేసేసరికి కొన్ని ఫైళ్ళు సున్నా బైట్లు! సెట్టింగ్స్ ఫైళ్ళు ఖాళీ. జనం గగ్గోలు పెట్టారు. కారణం ఏంటంటే, పాత ఎక్స్‌టీ3 మామూలుగా ఐదు సెకన్లకోసారి అన్నీ డిస్క్‌కి చేర్చేది. ఎక్స్‌టీ4 వేగం కోసం చోటు కేటాయించడాన్ని వాయిదా వేస్తుంది, అర నిమిషం దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అప్లికేషన్లు రాసినవాళ్ళు ఎక్స్‌టీ3 చేసేదాన్నే నియమం అనుకున్నారు. ఎక్స్‌టీ4 నిర్వాహకుడు టెడ్ సో చెప్పింది, భద్రంగా ఉండాలంటే ఎఫ్‌సింక్ పిలవాలి, ప్రమాణంలో అంతకు మించి హామీ లేదు అని. నిజమే. కానీ జనం చదివింది ప్రమాణం కాదు, అలవాటు. చివరికి 2.6.30 వెర్షన్‌లో ఆ సాధారణ పద్ధతుల్ని గుర్తుపట్టి డేటాని ముందే డిస్క్‌కి పంపేలా కోడ్‌నే మార్చారు. ఎక్కడా రాయని అలవాటు కూడా చివరికి ఒప్పందంలో భాగమైపోయింది.

రెండోది ఇంకా పెద్దది, 2018. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్ మీకు తెలుసు. ఎఫ్‌సింక్ అంటే ఏంటో ఒక్క నిమిషంలో చెప్తాను. మీరు ఆఫీసులో అప్లికేషన్‌ని డ్రాప్‌బాక్స్‌లో వేశారనుకోండి, అది రైట్. కౌంటర్ దగ్గరికి వెళ్ళి, "సార్, లోపలికి చేరిందా, రసీదు ఇవ్వండి" అని అడగడం ఎఫ్‌సింక్. రసీదు వస్తే నిశ్చింత. రాకపోతే? పోస్ట్‌గ్రెస్ వాళ్ళు అనుకున్నది, మళ్ళీ అడిగితే మళ్ళీ ప్రయత్నిస్తారు అని. లైనక్స్‌లో నిజంగా జరిగింది వేరు. మొదటిసారి అడిగితే గుమాస్తా "లేదండీ, పోయింది" అంటాడు. ఆ కాగితాన్ని పెండింగ్ లిస్టులోంచి కొట్టేస్తాడు. రెండోసారి అడిగితే "పెండింగ్ ఏమీ లేదు" అని రసీదు ఇచ్చేస్తాడు! ఇంకా ఘోరం, ఆ "పోయింది" అన్న మాట మీకన్నా ముందు ఇంకెవరైనా అడిగితే వాళ్ళకే చెప్పేసి, మీకు చెప్పకపోవచ్చు కూడా.

క్రెయిగ్ రింగర్ అనే డెవలపర్ 2018 మార్చిలో ఇది బయటపెట్టేసరికి అందరూ నిర్ఘాంతపోయారు. దాదాపు ఇరవై ఏళ్ళుగా ఒక పెద్ద డేటాబేస్ తప్పు అర్థంతో నడిచింది. వాళ్ళు నిర్లక్ష్యం చేసినవాళ్ళు కారు, చాలా జాగ్రత్త మనుషులు. కానీ ఎర్రర్ వచ్చాక ఆ డేటా గతి ఏంటన్నది మాన్యువల్ పేజీలో స్పష్టంగా లేదు. ఉన్న ఖాళీని ఎవరికి తోచినట్టు వాళ్ళు నింపుకున్నారు. అంతకు ముందే 2017లో 4.13 వెర్షన్‌లో జెఫ్ లేటన్ పని వల్ల ఎర్రర్ సంబంధం ఉన్న అందరికీ చేరేలా కోడ్ మారింది, ఆ మాట ఇప్పుడు మాన్యువల్‌లోనూ ఉంది. పోస్ట్‌గ్రెస్ అయితే 2019 ఫిబ్రవరి నుంచి, ఎఫ్‌సింక్ ఫెయిలైతే ఇక మళ్ళీ అడగకుండా, అక్కడికక్కడే ఆగిపోయి లాగ్ నుంచి కోలుకునేలా మార్చుకుంది.

"గుడ్డి కన్నా మెల్ల నయం" అంటారు కదా. డాక్యుమెంటేషన్ విషయంలో ఆ సామెత నడవదు. అసలు ఏమీ రాసి లేకపోతే మనిషి భయపడి కోడ్ చదువుతాడు. పాతబడిన మాట రాసి ఉంటే ధైర్యంగా నమ్మి గోతిలో పడతాడు.

సరే, మరి దీన్ని కెర్నల్ వాళ్ళు ఎలా ఎదుర్కొంటున్నారు? నాలుగు దారులు కనిపిస్తాయి.

మొదటి దారి, దగ్గరగా పెట్టడం. ఇందాక చెప్పిన ఒకే కారిడార్ ఇదే. లైనక్స్ మాన్యువల్ పేజీలు కెర్నల్‌తో కాకుండా వేరే ప్రాజెక్ట్‌గా ఉంటాయి. 2004 నుంచి 2021 దాకా మైఖేల్ కెర్రిస్క్ వాటిని మోశారు. అంత శ్రద్ధగల మనిషి ఉన్నా, కోడ్ మారిన సంగతి ఎవరో ఒకరు ఆయనకు చెప్పాలి. అదే కోడ్ ఉన్న చోటే డాక్యుమెంట్ ఉంటే, ఒకే ప్యాచ్‌లో రెండూ మార్చమని రివ్యూలో అడగొచ్చు. ఎక్స్‌టీ4 డిస్క్ మీద ఎలా ఉంటుందో వివరించే డారిక్ వాంగ్ రచన ముందు వికీలో ఉండేది, 2018లో దాన్ని కెర్నల్ సోర్స్‌లోకే తెచ్చారు.

రెండో దారి, యంత్రంతో తనిఖీ. ఫంక్షన్ పైనే ఒక పద్ధతిలో కామెంట్ రాస్తే, అందులోని పేర్లు కోడ్‌లోని పేర్లతో సరిపోతున్నాయా అని ఒక స్క్రిప్ట్ చూసి హెచ్చరిస్తుంది. 2016 నుంచి ఆ కామెంట్లని స్ఫింక్స్ అనే పరికరంతో చదువుకునే పేజీలుగా తయారుచేస్తున్నారు. కానీ ఇది పేరు సరిపోయిందా అని మాత్రమే చూస్తుంది, అర్థం సరిపోయిందా అని కాదు. స్పెల్లింగ్ దిద్దే మాస్టారు జవాబు సరైనదో కాదో చెప్పలేరు కదా, అలా.

మూడో దారి, నియమాన్నే కోడ్‌గా మార్చడం. 2006లో వచ్చిన లాక్‌డెప్ అనే పరికరం, తాళాల వరుస తప్పితే సిస్టమ్ నడుస్తుండగానే అరుస్తుంది. "ఇక్కడికొచ్చేసరికి ఈ తాళం చేతిలో ఉండాలి" అని కామెంట్ రాసే బదులు, లేకపోతే హెచ్చరించే లైన్ ఒకటి రాయొచ్చు. కామెంట్ అబద్ధం చెప్పగలదు, ఆ లైన్ చెప్పలేదు. రస్ట్ భాషలో ఫైల్‌సిస్టమ్ ఇంటర్‌ఫేస్ రాద్దాం అన్న ప్రయత్నంలోనూ ఆలోచన ఇదే, నియమాల్ని టైపుల్లోనే ఇమిడ్చేయడం. 2024లో వెడ్సన్ అల్మీడా ఫిల్హో ఆ ప్రతిపాదన వివరిస్తుంటే గట్టి వాదన జరిగింది. రేపు సీ వైపు కోడ్ మారితే రస్ట్ వైపు ఎవరు మారుస్తారు? చూశారా, పాత ప్రశ్నే. డాక్యుమెంట్ అన్న చోట రస్ట్ అని పెట్టండి, అంతే.

నాలుగో దారి నాకు అన్నిటికన్నా తెలివైనది అనిపిస్తుంది. ఆ ఫోల్డర్‌లోనే పోర్టింగ్ అనే ఫైల్ ఉంది. ఇది వ్యవస్థ ఇప్పుడెలా ఉందో చెప్పదు. ఏం మారిందో మాత్రం వరుసగా చెబుతుంది. ఇది తప్పనిసరి, ఇది చేస్తే మంచిది అని ముద్ర వేసి మరీ. ఫైల్ సృష్టించే ఫంక్షన్‌ని చూడండి. 2012లో ఒక ఆర్గ్యుమెంట్ మారింది, 2021లో యూజర్ నేమ్‌స్పేస్ చేరింది, 2023లో దాని స్థానంలో ఇంకోటి వచ్చింది. 2025లో 6.15 వెర్షన్‌తో, ఫోల్డర్ సృష్టించే ఫంక్షన్ తిరిగి ఇచ్చేదే మారింది. "ఇప్పుడు ఇలా ఉంది" అన్న వాక్యం రేపు అబద్ధం కావచ్చు. "ఫలానా రోజు ఇది ఇలా మారింది" అన్న వాక్యం ఎప్పటికీ అబద్ధం కాదు. మేం ఆబిడ్స్ పుస్తకంతో కుస్తీ పట్టిన రాత్రి ఈ ఒక్క ఫైల్ ఉందని తెలిసుంటే పది నిమిషాల్లో పని అయిపోయేది.

ఇప్పుడు ఇందాక వాయిదా వేసిన ప్రశ్న. వాడుకలో లేని కోడ్ మీద లయన్స్ రాసిన పుస్తకం 1996లో ఎందుకు కొన్నారు? ఎందుకంటే ఆయన ఏముందో మాత్రమే రాయలేదు, ఎందుకుందో రాశారు. ఏముంది అన్నది పాతబడుతుంది, దాన్ని యంత్రానికి అప్పగించొచ్చు. ఎందుకు అన్నది మనిషే రాయాలి, అదే ఎక్కువ కాలం నిలుస్తుంది. పైగా ఆ పుస్తకం తన వయసు దాచుకోలేదు. ఇది సిక్స్త్ ఎడిషన్ అని అట్ట మీదే ఉంది.

నా అభిప్రాయం చెప్పి ముగిస్తాను. డాక్యుమెంటేషన్‌ని మనం జూనియర్ల పని, చివర్లో టైం మిగిలితే చేసే పని అనుకుంటాం. నేను ఉద్యోగం చేసిన రోజుల్లో నేనూ అలాగే అనుకున్నాను, "తర్వాత రాద్దాం" అని వదిలేసిన పేజీలు నావీ ఉన్నాయి. నా "అలెక్సీ?"లు అవి. ఇప్పుడైతే అనిపిస్తుంది, కోడ్ మార్చి పక్కనున్న వాక్యం మార్చకపోవడం అంటే సగం పనే చేయడం. ఆ మిగతా సగం ఎవరో తెలియని ఒక పిల్లాడు రాత్రంతా కూర్చుని చేస్తాడు.

బీటెక్ చదువుతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, కెర్నల్‌లో పని చేయాలని ఉంటే ఇదే మంచి గుమ్మం. ఒక డాక్యుమెంట్ తీసుకోండి, కోడ్ పక్కన పెట్టుకుని వాక్యం వాక్యం సరిచూడండి. తేడా దొరికితే ప్యాచ్ పంపండి. చిన్న పని కాదది. తేడా కనిపెట్టాలంటే రెండూ అర్థం కావాలి మరి.

ఇక అశోక్‌నగర్ తమ్ముడి విషయం. ఆ పుస్తకం అతను కొన్నాడు. షాపు బయటే పెన్ను తీసి 31 కొట్టేసి 33 రాశాడు. నేను అడిగి ఆ పెన్ను తీసుకుని, పక్కన "2019 ఫిబ్రవరి నుంచి" అని చేర్చా. రేపు ఆ పుస్తకం ఇంకొకరి చేతికి వెళ్తుంది కదా.

ఈ ఎపిసోడ్‌లో నేనేదైనా తప్పు చెప్పుంటే కామెంట్‌లో చెప్పండి, ఈ ట్రాన్‌స్క్రిప్ట్‌లో తేదీ వేసి దిద్దుతాను. మళ్ళీ కలుద్దాం. ఉంటాను, నమస్తే.